ఏటి వరద గురించి రాస్తున్నా, సరైన మాటలు చెప్పండి

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా ఇంట్లో మాట తెలుగే, చదువు మాత్రం ఒడియాలో సాగింది. మహేంద్రతనయ వరద మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. "నీరు చాలా వేగంగా ప్రవహించింది" అంటే కళ్లకేమీ కట్టదు. "పరవళ్లు తొక్కింది" అందామంటే పేపర్లవాళ్లు దాన్ని ఎప్పుడో అరగదీశారు.

నాక్కావలసింది ఇది: ఎర్రనీళ్లు సుడి తిరుగుతూ గట్టు కింద మట్టిని లాగేస్తాయి, కాసేపటికి పైనున్న గట్టు పెళ్లలుగా విరిగి పడుతుంది. దీనికి "కోసుకుపోయింది" సరిపోతుందా, "ఒరుసుకుపోయింది" అనాలా? నీరు తీశాక పొలంలో మిగిలిన ఇసుకకు "మేట" అన్న మాట దొరికింది, హాయిగా ఉంది.

ఇంకోటి, మా అమ్మమ్మ మాటలు అలాగే పెడితే గుంటూరు వాళ్లకు అందుతాయా? నిఘంటువులు నా దగ్గరున్నాయి. మీ ఏటిగట్టున జనం ఏమంటారో చెప్పండి చాలు.