కోడి అంగిలి ఎందుకు అతుక్కోదు? కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నా. పిండంలో ముఖం, నోరు ఎలా తయారవుతాయో సోమవారం సెమినార్ చెప్పాలి. ఒక్కచోట ఇరుక్కుపోయా.

మనిషి పిండం సంగతి అర్థమైంది. 4వ వారంలో నోటి గుంట చుట్టూ ఐదు ఉబ్బులు లేస్తాయి: పైన నుదురు, ముక్కులది ఒకటి, పై దవడవి రెండు, కింది దవడవి రెండు. 7వ వారానికల్లా పైపెదవి అతుక్కోవాలి, లేదంటే గ్రహణమొర్రి. (మా అమ్మమ్మ ఇప్పటికీ గ్రహణాన్నే తిడుతుంది.) అంగిలి పలకలు (నోటి పైకప్పుగా మారే రెండు మడతలు) మాత్రం మొదట నాలుకకు అటూ ఇటూ నిలువుగా వేలాడతాయి. తర్వాత పైకి లేచి, అడ్డంగా తిరిగి, మధ్యలో కలుస్తాయి.

నిన్న కూరకు తెచ్చిన కోడి తల తీసుకుని ముక్కు తెరిచి చూశా. అంగిలి మధ్యలో పొడుగాటి చీలిక, పక్కన సన్నటి ముళ్లలాంటివి. మనకు లోపమైనది దానికి మామూలే అన్నమాట! కోడి పలకలు మొదటినుంచీ అడ్డంగానే పెరుగుతాయట. మరి ఎందుకు అతుక్కోవు? ఒకదానికొకటి అందకనా, అందినా పైపొర కరగకనా? పొదిగిన గుడ్డు ఎన్నో రోజున పగలగొడితే ఇది కనబడుతుంది?