రెండు మూడు రోజులు కదపకపోతే కారు స్టార్ట్ కావడం లేదు: కొత్త బ్యాటరీ వేసినా అదే పరిస్థితి

ప్రశ్న

మా కారు కొని ఏడేళ్లయింది. రెండు నెలలుగా ఒక ఇబ్బంది వేధిస్తోంది. రోజూ నడిపే వారాల్లో ఏ లోపమూ కనిపించదు గాని, రెండు మూడు రోజులు బయటికి తీయకుండా ఉంచితే మాత్రం, తాళం తిప్పగానే డాష్‌బోర్డు దీపాలు మసకబారి, సెల్ఫ్ మోటారు వైపు నుంచి టకటకమనే చప్పుడు తప్ప ఇంజన్ తిరగడం లేదు. మరో కారు నుంచి జంపర్ కేబుళ్లు కలిపితే వెంటనే స్టార్ట్ అవుతుంది.

పాత బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి కనుక దాని ఆయుష్షు తీరిందనుకుని, 45 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ వేయించాను. మూడు వారాలు తిరగకుండానే మళ్లీ అదే జరిగింది. చూసిన మెకానిక్, ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ మార్చాలంటున్నారు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద నేను కొలిస్తే 14.2 వోల్టులు వచ్చింది. నా దగ్గర డిజిటల్ మల్టీమీటర్ ఉంది, ఫ్యూజులు మార్చడం వచ్చు. మా అమ్మగారిని ఏ వేళనైనా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన పరిస్థితి మాది, అందువల్ల ఈ కారు మీద నమ్మకం పోవడం నన్ను బాగా కలవరపెడుతోంది. ఆల్టర్నేటర్ మార్చే ముందు నేను స్వయంగా ఏమేమి పరీక్షించవచ్చో దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

దయచేసి ఇంకే భాగమూ మార్చకండి. మీరు చెప్పిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. నడిపిన రోజుల్లో బాగుండి, నిలిపిన రోజుల్లో మాత్రమే బ్యాటరీ దిగిపోతున్నదంటే, చార్జింగ్ సరిగానే జరుగుతోందనీ, తాళం తీసి తలుపులు వేసిన తరువాత కూడా ఏదో ఒకటి కరెంటు తాగుతూనే ఉందనీ అర్థం. ఇంజన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి కనుక, మీ 14.2 సరైన కొలతే.

నిలిపి ఉంచిన కారులో గడియారం, తాళాల వ్యవస్థ, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి వంటి వాటి కోసం కొద్దిగా కరెంటు ఖర్చు కావడం సహజమే. అది చాలా కార్లలో 50 మిల్లీ ఆంపియర్లకు లోపే ఉంటుంది. అదే 400 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు పోతాయి. మీ 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మూడు రోజులకు మిగిలేది మూడో వంతే, ఇంజన్‌ను తిప్పడానికి అది చాలదు. మీకు ఎదురవుతున్నది ఈ లెక్కకు చక్కగా సరిపోతోంది.

కొలిచే పద్ధతి ఇది. ముందుగా బానెట్ ఎత్తి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి, మూసి ఉన్నట్టు కారు భావించేలా చేయండి. ఫ్యూజు పెట్టె లోపలి వైపు ఉంటే ఆ తలుపు లాక్‌ను కూడా అలాగే నొక్కి ఉంచండి. పని ముగిశాక బానెట్‌నూ తలుపునూ వేసే ముందు ఆ లాకులను తిరిగి విడిపించడం మరచిపోకూడదు. రిమోట్ తాళమైతే దాన్ని కారుకు దూరంగా పెట్టండి. తరువాత మీటరును 10 ఆంపియర్ల అమరికలో పెట్టి, ఒక తీగను బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కూ మరొకటి నెగెటివ్ కేబుల్ క్లాంపుకూ తగిలించి, ఆ తీగలు ఊడకుండా క్లాంపును పైకి తీయండి. కరెంటు ఇప్పుడు మీటరు గుండానే పోతుంది. మొదట్లో అంకె ఎక్కువగా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. కంప్యూటర్లన్నీ నిద్రలోకి వెళ్లడానికి కొన్ని కార్లలో అరగంట, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

రెండవ సమాధానం

పై సమాధానం సరైనదే. దానికి రెండు హెచ్చరికలు చేర్చడం అవసరమనుకుంటున్నాను. మీటరు ఆంపియర్ల అమరికలో కలిపి ఉన్నంతసేపు తాళం తిప్పకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది, మీటరులోని ఫ్యూజు ఆ క్షణంలోనే కాలిపోతుంది. కేబుళ్లు పూర్తిగా విప్పవలసి వచ్చినప్పుడు ముందు నెగెటివ్ విప్పి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించండి. వరుస తప్పితే, పాజిటివ్ నట్టు మీద ఉన్న పానా కారు బాడీకి తగిలి పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక అది నిజంగా ప్రమాదకరం. చేతికి ఉంగరాలుంటే తీసి పెట్టండి.

ఫ్యూజులను ఒక్కొక్కటిగా పీకి చూడడం పాత పద్ధతి. పీకి తిరిగి పెట్టేటప్పుడు కొన్ని కంప్యూటర్లు మేల్కొని కొలతను గందరగోళపరుస్తాయి. ఫ్యూజు తల మీద లోహం కనిపించే రెండు చిన్న రంధ్రాల వద్ద మీటరును మిల్లీ వోల్టుల అమరికలో పెట్టి చూడడం మేలు. ఆ ఫ్యూజు గుండా కరెంటు పోకపోతే సున్నా వస్తుంది, పోతుంటే ఒకటి రెండు మిల్లీ వోల్టులైనా కనిపిస్తాయి.

ఏ ఫ్యూజు వద్దా ఏమీ దొరకకపోతే మాత్రం మీ మెకానిక్ మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు. ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడు పాడైతే, నడుస్తున్నప్పుడు చార్జింగ్ బాగానే ఉన్నట్టు కనిపించినా, ఇంజన్ ఆపాక దాని గుండా కరెంటు వెనక్కి కారిపోయే అవకాశం ఉంది. బ్యాటరీ నెగెటివ్ విప్పి, ఆల్టర్నేటర్ నుంచి వచ్చే లావుపాటి తీగను వేరుచేసి దాని కొసకు టేపు చుట్టి, మళ్లీ కొలిస్తే ఆ సంగతి తేలిపోతుంది.

మూడవ సమాధానం

కారు కొన్న తరువాత విడిగా అమర్చినవి ఏమైనా ఉంటే ముందు వాటినే అనుమానించండి. రికార్డింగ్ కెమెరా, మ్యూజిక్ సిస్టమ్, అలారం వంటి వాటిని, తాళం తీయగానే ఆగిపోయే తీగకు కాకుండా, ఎప్పుడూ కరెంటు ఉండే తీగకు కలిపేయడం నేను చాలా కార్లలో చూశాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సెలవు కావడంతో ఓపికగా కూర్చుని అన్నీ కొలిచాను. యాభై నిమిషాలు ఆగినా మీటరు 0.44 ఆంపియర్ల కంటే దిగలేదు. ఫ్యూజులన్నీ తడిమి చూస్తే లోపలి దీపాల ఫ్యూజు వద్ద మాత్రమే మిల్లీ వోల్టులు కనిపించాయి. దాన్ని తీయగానే కొలత 0.03కు పడిపోయింది. అయితే కారులో ఏ దీపమూ వెలగడం లేదు. చివరికి ఫోనులో వీడియో ఆన్ చేసి, డిక్కీలో పెట్టి మూత వేశాను. తీసి చూస్తే వీడియో అంతటా లోపల వెలుగుంది. మూత వేసినప్పుడు నొక్కుకోవలసిన స్విచ్ మీది రబ్బరు తొడుగు ఊడిపోయి, స్విచ్ పూర్తిగా లోనికి పోవడం లేదు. 5 వాట్ల ఆ చిన్న బల్బే ఇంత పని చేసింది. ప్రస్తుతానికి బల్బు తీసేశాను, కొత్త తొడుగు దొరకగానే తిరిగి పెడతాను. ఇక బ్యాటరీని అలాగే వాడవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

చాలా సంతోషమండి. 5 వాట్లంటే 12 వోల్టుల వద్ద సుమారు 0.4 ఆంపియర్లు, మీ కొలతకు సరిగ్గా సరిపోయింది.

బ్యాటరీని మాత్రం కారు నడుపుతూ నింపుదామనుకోకండి. దగ్గరి దూరాల ప్రయాణాల్లో ఆల్టర్నేటర్ దాన్ని పూర్తిగా నింపలేదు. సగం ఖాళీగా మిగిలిన బ్యాటరీ పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి, కొత్తదైనా సామర్థ్యం కోల్పోతుంది. గాలి ఆడే చోట బ్యాటరీ చార్జర్‌తో 4 లేక 5 ఆంపియర్ల వద్ద, చార్జర్ తానుగా నిండినట్టు చూపేవరకు ఉంచండి. బాగా దిగిపోయి ఉంటే పది గంటలు దాటవచ్చు. తరువాత ఏదీ కలపకుండా ఒక రాత్రి వదిలి, ఉదయం వోల్టేజి చూడండి. 12.6 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, కారును మూడు రోజులు నిలిపి నాలుగో రోజు మళ్లీ కొలవండి. కొద్ది మాత్రమే తగ్గి, 12.4కు పైన నిలిచితే అమ్మగారి ప్రయాణాలకు నిశ్చింతగా వాడుకోవచ్చు. పూర్తిగా చార్జి చేసిన మరునాడే 12.4 కంటే దిగితే మాత్రం ఆ బ్యాటరీ ఇప్పటికే దెబ్బతిన్నట్టే, గ్యారంటీ గడువు ఉండగానే కొన్న చోట పరీక్షకు ఇవ్వండి.