హైదరాబాద్ నుంచి ఆక్లండ్: అమ్మానాన్నలతో ఏ దారిలో వెళ్తే మేలు?

జనవరిలో అమ్మానాన్నలకు న్యూజిలాండ్ చూపించాలనుకుంటున్నాం. హైదరాబాద్ నుంచి ఆక్లండ్‌కి నేరుగా విమానం లేదు కాబట్టి సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో మారాలి. ఒక్క సింగపూర్ నుంచే దాదాపు 10 గంటలు. నాన్నకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అంతసేపు ఎలా కూర్చుంటారన్నదే నా టెన్షన్. మధ్యలో ఒక రాత్రి ఆగడం నయమా, లేక రెండు మూడు గంటల్లో మారిపోవడమా?

విడివిడిగా రెండు టికెట్లు కొంటే చవకగా వస్తోంది. కానీ మొదటి విమానం ఆలస్యమైతే రెండోది పోయినట్టే, సామాను కూడా మళ్లీ చెకిన్ చేయాలి. పెద్దవాళ్లతో ఆ రిస్కు వద్దనిపిస్తోంది. సిడ్నీ మీదుగా వెళ్దామంటే ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. నాన్నకు వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే అడగాలా? నడవా పక్క సీటు ముందే డబ్బు కట్టి తీసుకోవడం మంచిదేనా? ఇలా వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.