కబడ్డీ ఆడే బిడ్డకు ఎల్5 (నడుముల అన్నిటికన్న కింది పూస) జారింది, ఆపరేషన్ అన్నరు. తెలిసినోళ్ళు చెప్పున్రి

రంగశాయిపేట_నాయిన: బిడ్డకు 16 ఏండ్లు, ఇంటర్ ఫస్టియర్, రైడర్. ఎల్5 రెండు దిక్కుల చీలింది, గ్రేడ్ 2 జారుడు. ఏడు నెలల సంది ఆట బంద్, ఫిజియో నడుస్తనే ఉన్నది, కుడికాలు గుంజుడు తగ్గలే. స్క్రూలేసి బిగిస్తమన్నరు. రెండో డాక్టర్‌కు ఏం చూపాలె? ఇంట్ల ఏం తయారు పెట్టుకోవాలె? మళ్ళ ఎప్పుడు ఆడొచ్చు? స్పోర్ట్స్ కోటా ఏమైతది?

జమ్మికుంట_బౌలర్: భయపడకున్రి. బుమ్రాకు 2023 మార్చిల నడుముకు ఆపరేషనైంది, ఆగస్టుల ఐర్లాండ్ మీద బౌలింగ్ చేసిండు. అయిదు నెలలే. పిల్లలకు ఇంకా జల్ది మానుతది.

ఫిజియో_నక్కలగుట్ట: ఆ లెక్క ఇక్కడ పెట్టొద్దు తమ్మీ. ఆయనది స్ట్రెస్ ఫ్రాక్చర్ గొడవ, ఈ పాపకు ఎముకే ముందుకు జారింది. చీలిన చోటే స్క్రూతో కలపడం ఒక ఆపరేషన్. ఎల్5ను దాని కిందే ఉండే ఎస్1 పూసతో అతికించి ఒక్క ఎముక చేసే ఫ్యూజన్ ఇంకొకటి. మొదటిది జారుడు దాదాపు లేకుండా, డిస్క్ బాగున్నప్పుడే. గ్రేడ్ 2 అంటే పావు నుంచి సగం దాకా జారినట్టు, అక్కడ మామూలుగా ఫ్యూజనే. ఒళ్ళు తాకే ఆటకు ఆరు నెలల నుంచి ఏడాది, అదీ స్కాన్‌లో అతుకు కనిపించాకే. ఫ్యూజన్ తర్వాత కబడ్డీ వద్దే వద్దనే సర్జన్లూ ఉన్నారు. ఇది ఆపరేషన్‌కు ముందే అడగండి, పాప ఎదురుగానే అడగండి.

రెండో డాక్టర్ దగ్గరికి ఎంఆర్ఐ సీడీ పట్టుకెళ్ళండి, రిపోర్టు కాగితం చాలదు. నిలబెట్టి పక్కనుంచి తీసిన ఎక్స్‌రే ఉందా? ఎంఆర్ఐ పడుకోబెట్టి తీస్తారు, అందులో జారుడు తక్కువ కనబడొచ్చు. ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి తీస్తే ఎముక కదులుతుందో లేదో తెలుస్తుంది.

మట్టెవాడ_పెద్దన్న: కోతకు ముందు ఎదురుకాళ్ళతోని పుట్టినోళ్ళతో నడుం తన్నించిన్రా? మా దిక్కు మస్తు మందికి తగ్గింది.

ఫిజియో_నక్కలగుట్ట: పెద్దన్నా, పట్టేసిన కండరం పది పదిహేను రోజుల్లో దానంతటదే వదులుతుంది, పేరేమో ఆ తన్నుకు దక్కుతుంది. ఎముక జారేది ముందుకు. వెనకనుంచి తంతే అటే నెట్టినట్టు. ఈ పాపకు చెయ్యకూడనిది సరిగ్గా అదే.

మట్టెవాడ_పెద్దన్న: తాతల కాలం నుంచి నడిచేది తప్పు, స్క్రూలు బిగించుడే ఒప్పా? మీరు నాలుగు పుస్తకాలు చదివి పెద్దలను తక్కువ చెయ్యకున్రి.

జమ్మికుంట_బౌలర్: పెద్దన్న కోపం నాకు సమజైతది. కానీ ఒక్కసారి ఎక్స్‌రే చూసి మాట్లాడున్రి.

హనుమకొండ_నర్సు: తన్నుల ముచ్చట ఆపున్రి. ఈలోపల మూత్రం ఆగిపోయినా, తెల్వకుండ పోయినా, కూసునే జాగ మొద్దుబారినా, పాదం పైకి లేవకున్నా అదే గడియల ఎమర్జెన్సీకి పోవాలె. తెల్లారనియ్యొద్దు.

ఇంట్ల నులక మంచం పనికిరాదు, నడుమ గుంటపడ్తది. చెక్క మంచం, మోకాలెత్తు, పైన పల్చని పరుపు. లేచేటప్పుడు మోకాళ్ళు ముడిచి, భుజం, తుంటి ఒక్కసారే దిప్పి పక్కకు ఒరగాలె. కాళ్ళు మంచం అంచునుంచి కిందికి జారంగనే మోచేతి మీద ఒత్తి లేవాలె. చెయ్యి పట్టి గుంజితే నడుం మెలిపడ్తది. ఇది ఆపరేషన్‌కు ముందే పదిసార్లు చేపియ్యున్రి, నొప్పిల కొత్తది నేర్వలేరు. నాటు లెట్రిన్ అయితే కమోడ్ స్టూలు పెట్టున్రి. నొప్పి గోళీలకు మలబద్ధకం వస్తది, ముక్కుడు మంచిది కాదు. విరేచనం సాఫీగైయ్యే మందు మొదటి రోజే అడుగున్రి. బెల్టు మూడు నెలలు రాత్రింబగళ్ళు ఇప్పొద్దు.

ఫిజియో_నక్కలగుట్ట: అన్నీ బాగా చెప్పారు, బెల్టు మాట తప్ప. మెడికల్ షాపులో దొరికే మెత్తటి బెల్టు ఎల్5-ఎస్1 కదలికను ఆపలేదు. ఎన్నాళ్ళు, పడుకున్నప్పుడు కావాలా వద్దా అన్నది సర్జన్ చెప్పాలి.

హనుమకొండ_నర్సు: వార్డుల డిశ్చార్జి కాగితం మీద మూడు నెలలని రాసేది మేమే సార్.

ఫిజియో_నక్కలగుట్ట: ఆ కాగితం ఆ పేషెంటుది అక్కా. ఈ పాపది ఇంకా రాయలేదు.

కాజీపేట_రవాణా: డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలైంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఈ ఆపరేషన్ అక్కడ వర్తిస్తదా అడగండి. అనుమతి రాకముందు అడ్వాన్సు కట్టొద్దు. హైదరాబాద్ పోతే తిరుగు ప్రయాణం కారులో, సీటు వెనక్కి వాల్చి, ముప్పావు గంటకోసారి దింపి నాలుగడుగులు నడిపించండి.

రంగశాయిపేట_నాయిన: నిలబెట్టి తీసిన ఎక్స్‌రే లేదు, రేపే తీపిస్త. కోటా సంగతి ఎవ్వరు చెప్పలే. బిడ్డ రోజూ గదే అడుగుతది.

పరకాల_కోచ్: ఇప్పటిదాకా ఆడిన సర్టిఫికెట్లు దెబ్బతోని పోవు. ఒరిజినల్స్ లామినేషన్ చేపియ్యకున్రి. ఎన్నేండ్ల లోపలివి చెల్లుతయో నోటిఫికేషన్‌ల చూడున్రి. డాక్టర్ సరే అన్నంక బిడ్డను కబడ్డీ కోర్టు కాడికి తోలున్రి, అరగంట స్కోరు రాయనియ్యున్రి. ఇంట్ల ఒక్కతే ఉంటే మనసు కుంగుతది. "ఎప్పుడొస్తవే" అని అడగొద్దని జట్టుకు మీరే ముందు చెప్పాలె, ఆ మాటే బిడ్డలకు ముల్లు లెక్క గుచ్చుకుంటది.

మట్టెవాడ_పెద్దన్న: తన్ను మాట ఇడిసిపెట్టిన. మా ఇంట్ల టేకు చెక్క మంచం ఖాళీగున్నది, మోకాలెత్తే ఉంటది. ట్రాలీ ఆటో తోలున్రి.