ఆర్వీలో జాషువా ట్రీకి: మిక్సీ పట్టుకెళ్లొచ్చా?

బ్రాడీపేట నాలుగో లైను:
డిసెంబర్‌లో నేనూ మా ఆవిడా లాస్ ఏంజెల్స్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆర్వీ, అంటే లోపలే పడకలు, పొయ్యి, టాయిలెట్ ఉండే బండి, అద్దెకు తీసుకుని కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న జాషువా ట్రీ నేషనల్ పార్కులో మూడు రాత్రులు ఉందామంటున్నాడు వాడు. ముప్పై అడుగుల బండట, అంటే ఇంచుమించు మన బస్సే. ఎడారంటే భయం లేదు, గుంటూరు ఎండల్లో పెరిగినవాళ్లం. కానీ మా ఆవిడ అప్పుడే మిక్సీ, రైస్ కుక్కర్ పెట్టెలో సర్దేసింది. అక్కడ కరెంటు, నీళ్లు ఉంటాయా?

పటమట అల్లుడు:
ఎండ సంగతి వదిలేయండి బాబాయ్, ముందు స్వెట్టర్లు సర్దండి. మేం పోయినేడు ఉన్న జంబో రాక్స్ క్యాంపు నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది, డిసెంబర్ రాత్రుళ్లు నీళ్లు గడ్డకట్టే చలి. పార్కు క్యాంపుల్లో ఎక్కడా బండికి కరెంటు కనెక్షన్ ఇవ్వరు, జంబో రాక్స్‌లో అయితే కొళాయి కూడా లేదు. హీటర్ గ్యాస్ మీదే నడుస్తుంది గానీ దాని ఫ్యాను తిరిగేది బ్యాటరీ మీద. బండి ఇచ్చినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు, మేమేమో సాయంత్రం నుంచి లైట్లన్నీ వేసుకుని పేకాట. రాత్రి మూడింటికి ఫ్యాను మూలిగి ఆగిపోయింది. జనరేటర్ వేద్దామంటే రాత్రిపూట వేయనివ్వరు. మా అత్తగారు రెండు దుప్పట్లు కప్పుకుని తెల్లారేదాకా నా వంకే చూస్తూ కూర్చున్నారు.

బెంజి సర్కిల్ అక్క:
బ్లాక్ రాక్ క్యాంపు బుక్ చేయించండి అన్నయ్యగారూ. నీళ్లున్నాయి, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకునే చోటూ ఉంది. పెద్ద పెద్ద బండరాళ్లుండే వైపుకి మాత్రం బయటి రోడ్డు మీదుగా తిరిగి వెళ్లాలి. బండి చిన్నది తీసుకోండి, హిడెన్ వ్యాలీ, వైట్ ట్యాంక్ క్యాంపుల్లో 25 అడుగులు దాటితే కుదరదు. చలికాలమే అక్కడ సీజను, ఆలస్యం చేస్తే చోటు దొరకదు. లోపల ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు, మ్యాపు ముందే దించుకోండి.

మిక్సీ మాత్రం తీసేయించండి! అక్కడ 120 వోల్టులు, మన 230 వోల్టుల మిక్సీ మూలుగుతుందే తప్ప పచ్చడి నూరదు. కుక్కరూ అంతే. బండిలో గ్యాస్ పొయ్యి ఉంటుంది, అన్నం గిన్నెలో వార్చుకుని కందిపొడి కలుపుకుంటే సరి. ఇంకోటి, చోయా అని ఒక జెముడు ఉంటుంది, దూరానికి బొచ్చుకుక్కపిల్లలా ముద్దొస్తుంది. చెప్పులేసుకుని దాని దగ్గరికి వెళ్లకండి. ముళ్ల ముద్ద కాలికి పట్టుకుంటే చేత్తో లాగకూడదు, దువ్వెన దూర్చి ఎగరగొట్టాలి. జేబులో దువ్వెన ఉంచుకోండి.

బ్రాడీపేట నాలుగో లైను:
మిక్సీ దిగింది. కుక్కర్ మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి. 24 అడుగుల బండి చూడరా అని అబ్బాయికి ఫోన్ చేస్తే, నీకెవరు చెప్పారు నాన్నా అంటాడు. పటమట అల్లుడూ, మీ అత్తగారు ఇప్పుడైనా మాట్లాడుతున్నారా?