పాత కార్బురేటర్ కారు సులువుగా స్టార్ట్ కాకపోవడానికి ఇథనాల్ పెట్రోలే కారణమా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
అందరికీ నమస్కారం. మా నాన్నగారు కొన్న 1996 నాటి మారుతి 800 మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. వారం పది రోజులకు ఒకసారి మాత్రమే బయటికి తీస్తాము. రెండు మూడేళ్ళ క్రితం వరకు చోక్ (ఇంజన్‌కు గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) లాగి సెల్ఫ్ రెండుసార్లు తిప్పితే అందుకొనేది. ఇప్పుడు ఏడెనిమిదిసార్లు తిప్పితే గాని ఉలకదు, పలకదు. ఒకసారి అందుకొన్నాక మాత్రం రోజంతా ఏ ఇబ్బందీ పెట్టదు. బ్యాటరీ కొత్తది, ప్లగ్గులూ మార్చాను. ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపిన పెట్రోలు వచ్చాక పాత బళ్ళన్నీ ఇంతేనని కొందరు, వానాకాలపు తేమకు ట్యాంకులో నీరు చేరిందని మరికొందరు అంటున్నారు. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (మండపేట నుంచి):
నేను ముప్పై ఏళ్ళుగా కార్ల మరమ్మతు చేస్తున్నాను. ముందు ఒక్క సంగతి చూడండి: రాత్రి పెట్టిన బండి మర్నాడు పొద్దున్న ఎలా అందుకొంటోంది? ఒక రాత్రికి బాగానే ఉండి, వారం నిలిపితేనే మొరాయిస్తుంటే, కార్బురేటర్‌లో (పెట్రోలును గాలితో కలిపే భాగం) చిన్న పెట్రోలు గిన్నె అయిన ఫ్లోట్ బౌల్‌లోని పెట్రోలు ఆవిరైపోయి, పైపులో ఉన్నది వెనక్కి ట్యాంకులోకి జారిపోయిందని అర్థం. మీ బండిలోని పంపు ఇంజన్ తిరిగితేనే పనిచేస్తుంది కాబట్టి, మీరు తిప్పే ఆ ఏడెనిమిది సెల్ఫులూ ఖాళీ పైపును నింపడానికే సరిపోతున్నాయి. పైపులో ఎక్కడో గాలి పీల్చుకొంటే తప్ప పెట్రోలు అంత తేలికగా వెనక్కి పోదు. ఇక్కడే ఇథనాల్ పాత్ర ఉంది: పాతకాలపు రబ్బరు దానికి ఉబ్బుతుంది, ఆరినప్పుడు బిరుసెక్కి పగులుతుంది. అయినా ఇరవై ఎనిమిదేళ్ళు దాటిన పైపు ఏ పెట్రోలు పోసినా ఎన్నాళ్ళు ఆగుతుంది? పైపులన్నీ మార్పించండి, కొనేటప్పుడు ఎస్ఏఈ జె30 ఆర్9 (ఇంధన పైపుల నాణ్యతా ప్రమాణం) అని అచ్చు వేసి ఉన్నది అడిగి తీసుకోండి. పంపులోని డయాఫ్రమ్ (పెట్రోలును లాగే పలచని పొర) కూడా చూపించండి.

జవాబు (కాకినాడ నుంచి):
పై జవాబుతో ఏకీభవిస్తూ, రసాయనశాస్త్రం బోధించిన వాడిగా కొంత చేరుస్తాను. మన బంకుల్లో 2022 నాటికి పది శాతంగా ఉన్న ఇథనాల్, 2023 ఫిబ్రవరి నుంచి కొన్నిచోట్ల మొదలై 2025కి దేశమంతటా ఇరవై శాతానికి చేరింది. (ఇథనాల్‌ను నూకల నుంచీ తీస్తారు కనుక, మన మిల్లుల నూకలే తిరిగి మన ట్యాంకుల్లోకి వస్తున్నాయేమో!) ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. అందువల్ల కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావలసి ఉండగా, కిలో ఇథనాల్‌కు తొమ్మిది కిలోలే చాలు. కార్బురేటర్‌కు బదులు కంప్యూటర్ ఇంధనాన్ని చిమ్మించే ఇంజెక్షన్ కార్లలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను గమనించి ఇంధనాన్ని సర్దుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమైన జెట్టుకు ఆ తెలివి లేదు కాబట్టి మిశ్రమం పలచబడి (గాలి పాలు ఎక్కువై), చల్లని ఇంజన్‌కు చోక్ మునుపటి కంటే ఎక్కువ అవసరమవుతుంది. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెట్టింపుకు పైగా వేడి తీసుకొంటుంది. మంచు పడే దేశాల్లో ఇది పెద్ద చిక్కే గాని, మన డెల్టాలో మార్గశిర మాసపు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు.

నీటి విషయానికొస్తే, మూత బిగుతుగా ఉన్న ట్యాంకులోకి వారం రోజుల్లో గాలి తేమ వల్ల చేరేది అత్యల్పం. మూత రబ్బరు పాడై వాననీరు దిగితే మాత్రం వేరు సంగతి. ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలు గాజు సీసాలోకి తీయించి, నిప్పుకు దూరంగా గంటసేపు కదపకుండా ఉంచండి. నీరు వేరుపడి ఉంటే అడుగున పొరగా కనిపిస్తుంది.

జవాబు (నరసాపురం నుంచి):
నా పాత ప్రీమియర్ పద్మిని కారుది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు. పొద్దున్న చక్కగా అందుకొంటుంది; రోహిణీ కార్తె ఎండలో సఖినేటిపల్లి రేవులో ఇంజన్ ఆపి పంటు (బళ్ళను ఏరు దాటించే పడవ) కోసం అరగంట నిలబడితే, పంటు వచ్చేసరికి మొండికేస్తుంది, వెనకవాళ్ళు హారన్లు మోగిస్తారు. తక్కువ పాళ్ళలో కలిసిన ఇథనాల్ పెట్రోలును మరింత త్వరగా ఆవిరయ్యేలా చేస్తుంది కాబట్టి, వేడెక్కిన పైపులో ఆవిరి అడ్డుపడుతుంది. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, చోక్ ముట్టుకోకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే అందుకొంటుంది. మీ బండి వేడి మీద బాగానే ఉందంటున్నారు కనుక మీకు ఈ బాధ లేనట్టే.

ప్రశ్న అడిగినవారు (అమలాపురం):
అందరికీ కృతజ్ఞతలు. సీసాలో నీటి పొర కనబడలేదు. రాత్రి నిలిపిన బండి పొద్దున్న రెండో సెల్ఫుకే అందుకొంది. పంపు దగ్గరి పైపును గోటితో నొక్కితే పెళుసుగా విరిగింది. పైపులూ డయాఫ్రమ్ మార్పించి, తొమ్మిది రోజులు నిలిపి చూస్తే, చోక్ పూర్తిగా లాగాక నాలుగో సెల్ఫుకు అందుకొంది. మొదటి నిమిషం మాత్రం ఇంజన్ కొంచెం ఊగుతోంది.

జవాబు (మండపేట నుంచి):
ఆ ఊగడమే కాకినాడ వారు చెప్పిన పలచని మిశ్రమం. ఇంజన్ బాగా వేడెక్కాక కార్బురేటర్ మీది ఐడిల్ మిక్స్చర్ స్క్రూను (బండి నిలిచి ఉన్నప్పుడు పెట్రోలు, గాలి పాళ్ళను సర్దే మర) పావు చుట్టు చొప్పున తిప్పిస్తూ చూడండి. అర చుట్టు దాటాల్సి వస్తే జెట్లు శుభ్రం చేయించాలి.