ఈ వారం సమస్య: తల తెగినవాఁడు గురి చూచి తాఁకె రిపుని

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. పై పాదం తేటగీతిలో ఉంది. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి గానీ ప్రాసయతి గానీ ఉండాలి. తల లేనివాడనగానే కబంధుడు గుర్తొస్తాడు, కానీ ఈసారి అటు వెళ్ళకండి. అంశం అమురో రే. 1979 ఏప్రిల్ 7న జపాన్ టీవీలో మొదలైన యానిమేషన్ కథ ‘మొబైల్ సూట్ గండాం’ కథానాయకుడు. 52 భాగాలనుకున్న ధారావాహికను ఆదరణ చాలక 43కే ఆపేశారు. మన సమస్య ఆ 43వ భాగంలోదే. అమురో లోపల కూర్చుని నడిపే 18 మీటర్ల మనిషి ఆకారపు యుద్ధయంత్రం గండాం తలా ఎడమ చెయ్యీ పోగొట్టుకుని, మిగిలిన చేత్తో తుపాకిని నిట్టనిలువునా పైకెత్తి పేలుస్తుంది.

వరంగల్ తమ్ముడు:
గురువుగారూ, నా మొదటి పూరణ ఇది. తప్పులుంటే చెప్పండి.

పదియు నైదేండ్ల బాలుండు రథము నెక్కి
తండ్రి చేసిన మరతోడఁ దరలి పోరి
కన్ను మాత్రమె పోయెఁ బో, కలఁగ ననుచు
తల తెగినవాఁడు గురి చూచి తాఁకె రిపుని

గుంటూరు మాస్టారు:
నాయనా, మొదటి పాదంలో యతి తప్పింది. ‘ప’కు ‘ర’ కుదరదు. ప్రాసయతి అనుకున్నావేమో, ‘ద’కు ‘థ’ ప్రాస కాదు. ‘పగ్గ మంది’ అని మార్చుకో, సరిపోతుంది. మూడో పాదం మాత్రం నిజంగా బాగుంది. తల ఎగిరిపోయాక అమురో అనే మాట అదే: పోయింది ప్రధాన కెమెరా ఒక్కటేనని. సమస్యలోని చిక్కంతా ఆ ఒక్క మాటతో విడిపోయింది. మొదట్లో యుద్ధానికి పోనని మొండికేసి, పందొమ్మిదేళ్ళ కెప్టెన్ చేత చెంపదెబ్బలు తిని, ‘మా నాన్న కూడా నన్నెప్పుడూ కొట్టలేదు’ అన్న పిల్లవాడితడు. ఆ నోట ‘కలఁగను’ అనే మాట రావడానికి ఎన్ని భాగాలు పట్టిందో తలచుకుంటే ఆ పాదం బరువు తెలుస్తుంది.

రెండో పాదం దగ్గర కూడా ఆగాను. గండాం చేసిన ఆ తండ్రే తరవాత ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిని, కాలం చెల్లిన విడిభాగమొకటి కొడుకు చేతిలో పెట్టి ఇది బిగించుకోమంటాడు. కొడుకు బయటికొచ్చి దాన్ని నేలకేసి కొడతాడు. ‘తండ్రి చేసిన మర’ అన్న మూడు మాటల వెనక అదంతా ఉంది.

యొకొహామా అక్కయ్య:
తమ్ముడూ, పద్యం హాయిగా సాగింది. కానీ కథలో ఒక్కచోట పొరబాటుంది. ఆ చివరి గుండు పేలేటప్పుడు అమురో లోపల లేడు. గండాంని దానంతటదే నడిచేలా పెట్టి దిగిపోయాడు. నీ పద్యంలో కాల్చింది బాలుడయ్యాడు.

మా ఊళ్ళో 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా కదిలే గండాంని నిలబెట్టారు. మావాణ్ణి భుజాన ఎక్కించుకుని చూశాను. అది నెమ్మదిగా చెయ్యెత్తితే, లోపల మనిషి లేడని తెలిసినా ఒళ్ళు జలదరించింది. నా పూరణ:

తలయె మిగిలిన రాహువై దాఁగె నొకఁడు
మొండెమై కేతువై నిల్చె నొండొకండు
గ్రహణ మిది గాదు, రోదసిఁ గన్న పోరు
తల తెగినవాఁడు గురి చూచి తాఁకె రిపుని

గుంటూరు మాస్టారు:
భేష్ తల్లీ! అమురో శత్రువు షా నడిపే యంత్రం జియాంగుకు మొదటినుంచీ కాళ్ళే లేవు. మొండెం కూడా పోయాక మిగిలింది అతను కూర్చున్న తలే. తలకూ మొండేనికీ జరిగిన యుద్ధం అది. ఒకటే అభ్యంతరం. రాహుకేతువులు ఒకే అసురుడి ముక్కలు. వీళ్ళు శత్రువులు కదా?

యొకొహామా అక్కయ్య:
అందుకే ఆ పోలిక తెచ్చాను మాస్టారూ. షాను కాపాడబోయి, ఇద్దరికీ ఆప్తురాలైన లాలా అనే అమ్మాయి అడ్డొచ్చింది, అమురో కత్తికి బలైంది. అక్కణ్ణుంచి ఇద్దరిదీ ఒకే గాయం.

గుంటూరు మాస్టారు:
ఒప్పుకున్నాను.

వరంగల్ తమ్ముడు:
అక్కా, మీరు చెప్పాక ఆ భాగం మళ్ళీ చూశాను. రాత్రంతా కూర్చుని ఇంకోటి రాశాను.

దిగెను బాలుఁడు, మరలోన దేహి లేక
యానతిని మోసి యొంటిగా నరిగి యరిగి
యొంటి చేతఁ దుపాకిని మింటి కెత్తి
తల తెగినవాఁడు గురి చూచి తాఁకె రిపుని

నిర్వాహకుడు:
ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. ‘మరలోన దేహి లేక’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ‘ఒంటిగా’, ‘ఒంటి చేత’ పక్కపక్కన పడటం, ‘మింటి’తో ప్రాసయతి కలవటం చక్కగా అమరాయి. ‘అరిగి యరిగి’లో ఆ యంత్రం ఒక్కో అడుగూ వేస్తూ వెళ్ళడం కనిపిస్తుంది. యంత్రాన్ని ‘వాఁడు’ అనవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. యజమాని ఆజ్ఞ మోస్తూ వెళ్ళిన బంటును ‘అది’ అనడానికి నాకు మనసొప్పదు. గండాం అన్న పేరుకూ మన ‘గండం’ అన్న మాటకూ ఉన్న దగ్గరితనాన్ని ఎవరూ వాడుకోకపోవడం ఒక్కటే నాకు వెలితి.

వచ్చే వారానికి సమస్య కూడా అక్కణ్ణుంచే. యంత్రం కూలింది, అమురో బృందం ఉన్న ఓడా పోయింది. శిథిలాల్లో మిగిలిన చిన్న విమానంలో అమురో బయటపడ్డాడు. ఎదురుగా పడవలో తనవాళ్ళు చేతులూపుతుంటే, తన చేత పోయిన లాలాతో అంటాడు: ‘క్షమించు, నాకింకా తిరిగి వెళ్ళే చోటుంది. ఇంతకన్నా సంతోషం లేదు’ అని.

ఇల్లు లేనివాఁ డింటికి నేగె మరల

తేటగీతి. ఆదివారం రాత్రి దాకా గడువు.